మా పాప కంటి విషయంలో తోడున్న అందరికీ

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ వైపు. చిన్న టైలరింగ్ షాపు నడుపుతాను, ఎక్కువగా బ్లౌజులు, ఫాల్స్, పికో. మా ఆయన పుణె దగ్గర జేసీబీ మీద పని చేస్తాడు, పండక్కో పబ్బానికో వస్తాడు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, రెండో తరగతి చదివే మా పాప. మొన్న చెకప్‌కు పోతే పాప ఎడమ కన్ను 6/24 నుంచి 6/12కు వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. అంటే గోడ మీది చార్టులో మూడో వరుస దగ్గర ఆగిపోయే పిల్ల ఇప్పుడు ఐదో వరుస చదువుతోంది. ట్రీట్‌మెంట్ ఇంకా ఉంది. కానీ ఈ సంగతి చెప్పుకోవాల్సిన వాళ్లు చాలామంది, సగం మంది నంబర్లు కూడా నా దగ్గర లేవు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మొదటి దండం బడికి వచ్చిన ఆర్‌బీఎస్‌కే టీంలోని సిస్టర్‌కు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నా, పిల్లల ఆరోగ్యం చూడడానికి 2013లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం అది, సర్కారు బడులకు ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు బండి వేసుకుని వస్తారు, పళ్లు, కళ్లు, చెవులు, గుండె, రక్తం తక్కువుందా అన్నీ చూస్తారు. ఆ రోజు మా పాప లైన్‌లో వెనక ఉంది. ముందున్న పిల్లలు చదువుతుంటే వింటూ నిలబడి, తన వంతు వచ్చేసరికి అక్షరాలన్నీ కంఠతా పట్టేసింది. కుడి కన్ను మూసి చదవమంటే గడగడా అప్పజెప్పింది. వేరే వాళ్లయితే ‘శభాష్’ అని పంపేసేవాళ్లు. ఆ సిస్టర్ మాత్రం, “చివర్నుంచి చదువు తల్లీ” అంది. ఇక చూడండి, పాప నోట మాట లేదు. మూసుకున్న వేళ్ల సందులోంచి చూడబోయిందట, సిస్టర్ వేళ్లు తీసేసి అట్టముక్క అడ్డం పెట్టింది. అక్కడ దొరికింది అసలు సంగతి. ఈ కథంతా తర్వాత టీచరమ్మ చెబితే నాకు కోపం రావాలో నవ్వాలో తెలియలేదు. ఎక్కాలు పట్టుకుని కూర్చోబెడితే రెండో ఎక్కమే రాదంటుంది, ఆ చార్టు మాత్రం నిలబడ్డ చోటనే వచ్చేసింది.

అంతకుముందు ఒకచోట, తలనొప్పి అంటోందని చూపిస్తే రెండు కళ్లూ తెరిపించి చదివించి “బాగానే ఉంది, ఫోన్ తగ్గించండి” అని పంపారు. ఎక్కడో రాయను. ఫోన్‌కూ దీనికీ సంబంధం లేదని తర్వాత తెలిసింది. పాపకు కుడి కన్ను మామూలుగానే ఉంది, ఎడమ కంటికి ప్లస్ పవర్ ఎక్కువ. ఒక కంట్లో స్పష్టంగా, ఇంకో కంట్లో మసకగా కనిపిస్తే మెదడు స్పష్టంగా కనిపించే దాన్నే తీసుకుని రెండోదాన్ని పట్టించుకోవడం మానేస్తుందట. దీన్నే లేజీ ఐ అంటారు. మెల్లకన్ను ఉంటే బయటికి తెలుస్తుంది, మా పాపకు అదీ లేదు. గ్లాసులో నీళ్లు పోస్తే పక్కన పోసేది, బంతి విసిరితే పట్టుకోలేకపోయేది, అంతే. “నీకెప్పుడూ అనిపించలేదా బిడ్డా” అని అడిగితే, “ఒక కన్ను చూసేదానికి, ఇంకోటి ఊరికే ఉంటది అనుకున్న” అంది. పుట్టినప్పటి నుంచి అట్లాగే చూస్తున్న పిల్ల కనబడట్లేదని ఎట్లా చెబుతుంది? ‘మా పాప దేనికీ పేచీ పెట్టదు’ అని అందరికీ మురిసిపోతూ చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనాలంటే కొంచెం ఆలోచిస్తున్నా.

టీచరమ్మ గురించి ఎంత రాసినా తక్కువే. నన్ను బడికి పిలిపించి, “టెన్షన్ పడకమ్మా, దీనికి మందుంది, కానీ వయసు ముఖ్యం, ఏడేళ్ల లోపయితే బాగా పనిచేస్తుంది, ఆలస్యం చెయ్యకు” అని, మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి ఎట్లా పోవాలో కాగితం మీద రాసిచ్చింది, ఆరాంఘర్‌లో దిగాలని, అక్కడ ఏ వైపు నిలబడాలో కూడా. అద్దాలు, మంచి కన్ను కాసేపు మూసి ఉంచే ప్యాచ్ వచ్చాక క్లాసులో పిల్లలకు ఆమే చెప్పింది, బండికి రెండెద్దులు కడితే ఒకటే లాగుతోంది, రెండోది ఊరికే పక్కన నడుస్తోంది, అందుకే లాగేదాన్ని రోజూ కాసేపు విప్పి కట్టేసి రెండోదానితో లాగిస్తున్నాం అని. అంతే, ఆ రోజు నుంచి పిల్లలు మా పాపను ఆటపట్టించడం పోయి, ఇంటికి వచ్చి మరీ “మీ ఎద్దు లాగుతుందా” అని అడుగుతున్నారు.

బస్సుకు మాకు పైసా ఖర్చు కాలేదు, మహాలక్ష్మి కింద ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరికీ జీరో టికెట్టే. పాపకు విడిగా టికెట్ ఇచ్చి “మీ అమ్మకు ఇయ్యకు, నీ దగ్గరే పెట్టుకో” అన్న కండక్టర్ అక్కకు కూడా థాంక్స్, ఆ టికెట్లన్నీ ఇప్పుడు కంపాస్ బాక్సులో ఉన్నాయి, తీయనివ్వదు.

ముందు అద్దాలే ఇచ్చారు. కొన్ని వారాలు పెట్టుకున్నాక మంచి కంటికి రోజూ రెండు గంటలు ప్యాచ్ వేయమన్నారు, ఆ టైములో దగ్గరి పనులు ఏవైనా చేయించమన్నారు. రాసినంత తేలిక కాదండీ. మంచి కన్ను మూస్తే పిల్లకు ఎంత చిరాకో, మొదట్లో రోజూ ఏడుపే. పైగా మన పాలమూరు ఎండలకు చెమటతో ఆ అంటించే ప్యాచ్ ఊడిపోయేది, తీసేటప్పుడు కనుబొమ్మ వెంట్రుకలు దానితోపాటే వచ్చేవి. చర్మం ఎర్రగా కందిపోయింది. అప్పుడు ఆసుపత్రిలో పవర్ చూసే అమ్మాయిని అడిగితే, అద్దాల మీదికి తొడిగే గుడ్డ ప్యాచ్ కుట్టుకోవచ్చు, కానీ పక్క నుంచి, ముక్కు దగ్గర నుంచి దొంగచూపు చూడకుండా ఉండాలి అని తన పెన్నుతో నా చేతి మీద ఆకారం గీసి చూపించింది. ఇంటికి వచ్చి బ్లౌజు ముక్కలతో కుట్టా. మొదటివి పాడైపోయాయి, లోపల నల్ల లైనింగ్ వేసి ముక్కు వైపు చిన్న మడత పెట్టాక కుదిరింది. ఒకటి నారాయణపేట చీర అంచుది, అది మాత్రం ఆదివారానికేనట.

ఇక మా షాపు ఎదురుగా కూర్చునే పూలవ్వ. ఆ రెండు గంటలు పాపను ఎట్లా కూర్చోబెట్టాలా అని నేను తల పట్టుకుంటే, “నా దగ్గరికి తోలు” అంది. కనకాంబరాలు, మల్లెలు కుప్ప పోసి, ఈ చెయ్యి రెండు, ఆ చెయ్యి రెండు కాడలు కలిపి దారం ఎట్లా తిప్పాలో నేర్పింది. మొదట్లో పాప కట్టిన మాల మూర పొడవు కూడా రాకముందే విడిపోయేది, కాడ ఒకచోట ఉంటే దారం ఇంకోచోట వేసేది. అవ్వ ఒక్కమాట అనలేదు, విప్పి మళ్లీ ఇచ్చేది. ఇప్పుడు పాప కట్టిన మూర అవ్వ బుట్టలో అమ్ముడుపోతోంది. పైసలు అడిగి తీసుకుంటోంది కూడా, ఆ విషయంలో అచ్చం మా అత్తమ్మే.

అత్తమ్మ అంటే గుర్తొచ్చింది. బతుకమ్మ ఆడేకాడ ఒకామె, ఆడపిల్ల ముఖానికి ఆ గుడ్డేంది, రేపు పెండ్లి ఎట్లయితది అని పెద్ద గొంతుతో అంది. నేను నోరు తెరిచేలోపే మా అత్తమ్మ “దానికి ఏడేండ్లు. కన్ను ముందు. పెండ్లి సంగతి అదే సూస్కుంటది” అని చప్పట్లు ఆపకుండానే చెప్పింది. పొన్నగంటి కూర తింటే తగ్గిపోతుందన్న వాళ్లకు కూడా కోపం లేదు, ప్రేమతోనే అన్నారు, వండుకుని తిన్నాం, బాగుంది. కన్ను మాత్రం అద్దాలతో, ప్యాచ్‌తోనే మెరుగవుతోంది.

ఫ్రేమ్ వంకర పోయినప్పుడల్లా పైసలు తీసుకోకుండా సరిచేసే క్లాక్ టవర్ దగ్గరి అద్దాల షాపు తమ్ముడికి, షాపులో గిరాకీ ఉన్నప్పుడు పాపను ఇంట్లో దింపే ఆటో అన్నకు, రోజూ వీడియో కాల్‌లో ఒక కన్ను చేత్తో మూసుకునే మాట్లాడే మా ఆయనకు, అందరికీ పేరుపేరునా దండాలు.

చిన్న పిల్లలున్న వాళ్లు ఇంట్లోనే ఒక పని చేయండి. టీవీ చూసేటప్పుడు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మీ అరచేత్తో పూర్తిగా మూయండి, వాళ్ల చేత్తో కాదు. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని ఇంకోటి మూస్తే చెయ్యి తోసేస్తుంటే, తల పక్కకు తిప్పుతుంటే కంటి డాక్టరుకు చూపించండి. ఏమీ తేడా లేదనిపించినా బడిలో వేసే ముందు ఒకసారి చూపించడం మంచిది. ఏడేళ్లు దాటిన పిల్లలకు ఇక కాదని ఎవరైనా అంటే వదిలేయకండి, పెద్ద పిల్లల్లో కూడా కొంతమందికి మెరుగవుతుందని డాక్టరమ్మే చెప్పింది. కొందరికి ప్యాచ్ బదులు మంచి కంట్లో చుక్కలు వేస్తారట, అది వాళ్లే చెప్పాలి.

డాక్టరు ప్యాచ్ రాసిన పిల్లలు ఎవరున్నా షాపుకు తీసుకురండి, గుడ్డ ప్యాచ్ కుట్టిస్తా, డబ్బులేం వద్దు. అద్దాలు తప్పకుండా వెంట తెండి, ఫ్రేమ్ కొలత లేకుండా కుడితే ముక్కు దగ్గర సందు మిగులుతుంది. గుడ్డ రంగు పిల్లలే ఎంచుకోవచ్చు, నారాయణపేట అంచు ముక్కలు మాత్రం అయిపోయాయి.