పరీక్షకు డబ్బు కట్టకముందు

అమ్మీ,

కడపలో ఎండ అప్పుడే ముదిరింది. చెనక్కాయల పొడి, రాగిపిండి రాజంపేట పిన్నమ్మ చేతికిచ్చి పంపిస్తున్నా. సిద్ధు తింటాడని పొడిలో కారం తగ్గించినా. నీ ఫోను రాక శానా దినాలైంది.

సిద్ధుకు ఆటిజం కదా, వాని మెదడులో రసాయనాలు ఎట్లుండాయో రక్తంలో చూస్తామని ల్యాబువాళ్లు అన్నారంట, అల్లుడు డబ్బు కడతాడంట. పిన్నమ్మ చెప్పింది. నిజమేనా?

సరే, అది ఉండనీ. వానికి దొడ్డికి సరిగ్గా అవుతోందా? కడుపు బిగిస్తే నిద్ర చెడుతుంది. మాట రాని బిడ్డ ఆ నొప్పిని అరుపుగానే చూపిస్తాడు. మందుల దాకా పోకముందే అది చూసుకో. చెవి పరీక్ష, బెరా, అయిందా?

ఆ రక్తపరీక్ష సంగతి వినమ్మీ. వాళ్లు చూస్తామనే రసాయనాల్లో సెరొటోనిన్ ఒకటి, అది ఎక్కువ భాగం తయారయ్యేది పేగుల్లో. రక్తంలో దాన్ని ప్లేట్‌లెట్లు, అంటే గడ్డకట్టించే కణాలు, మోస్తాయి. అక్కణ్నుంచి మెదడులోకి దాటదు. ఆటిజం ఉన్న కొందరు పిల్లల రక్తంలో అది ఎక్కువుందని 1961లో షేన్, ఫ్రీడ్‌మన్ అనే డాక్టర్లు చూసినారు. తర్వాత చూసినవాళ్లకూ సుమారు నాలుగో వంతు పిల్లల్లో అట్లే కనబడింది. దాన్ని దించితే బిడ్డ బాగవుతాడేమో అని 1980ల్లో ఫెన్‌ఫ్లూరమైన్ ఇచ్చి చూసినారు, ఆకలి చంపే మందు అది. రక్తంలో అంకె దిగింది. మొదటి చిన్న పరీక్షల్లో ఆశ పుట్టింది. జాగ్రత్తగా మళ్లా చేస్తే చెప్పుకోదగ్గ మార్పు నిలవలేదు. గుండె కవాటాలు చెడుతున్నాయని 1997లో అమెరికాలో ఆ మందునే అంగళ్ల నుంచి తీసేసినారు. ఇప్పుడు ఎవరో అదే అంకె చేతిలో పెట్టి పొడులు, చుక్కలు రాసిస్తే ఏం చేస్తావు?

డబ్బు పెట్టేదే అయితే జన్యువుల మీద పెట్టండి. ముందు క్రోమోజోమల్ మైక్రోఅర్రే, క్రోమోజోముల్లో ఊడిన ముక్కలు, ఎక్కువైన ముక్కలు చూసే పరీక్ష. దానితోపాటు ఫ్రాజైల్ ఎక్స్, ఆటిజంతో కలిసి కనబడే జన్యు జబ్బు, దాని పరీక్ష విడిగా అడగాలి, మైక్రోఅర్రేలో అది దొరకదు. ఒక జన్యువులో సీజీజీ అనే చిన్న డీఎన్ఏ ముక్క వరుసగా 200 సార్లకు మించి ఉంటే అది ఫ్రాజైల్ ఎక్స్. వీటిలో తేలకపోతే ఎక్సోమ్, అంటే జన్యువుల్లో ప్రొటీన్లు తయారుచేయించే భాగాలన్నీ చదివే పరీక్ష, అదీ మీ ఇద్దరి రక్తంతో కలిపి. మార్పు బిడ్డలో కొత్తగా పుట్టిందా, మీ నుంచి వచ్చిందా అప్పుడే తెలిసేది. ఊదారంగు మూత గొట్టంలోనే తీయమను. తీసిన వెంటనే మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాల, లేకుంటే గడ్డకట్టి డీఎన్ఏ తక్కువ వస్తుంది. ఆకుపచ్చ మూత గొట్టంలో హెపారిన్ ఉంటుంది, అది డీఎన్ఏను నకళ్లు తీసి పెంచే పీసీఆర్‌కు అడ్డం.

ఫారంలో మేనరికం అని దాచకుండా రాయండి. తల్లి వైపు, తండ్రి వైపు ఒకే మాదిరి వచ్చిన ముక్కలను ల్యాబువాళ్లు ప్రత్యేకంగా వెతుకుతారు. వదిన ఏదో అనిందని విన్నా. మేనరికం కొన్ని జబ్బుల అవకాశాన్ని పెంచే మాట నిజమే, కానీ మేనరికం లేని ఇండ్లలోనూ ఆటిజం ఉంది. రిపోర్టు రాకముందే నువ్వు నెత్తిన వేసుకోవద్దు.

రిపోర్టులో 'అర్థం తేలని మార్పు' అని వస్తే దాన్ని జబ్బుగా లెక్కగట్టొద్దు. హైదరాబాదులో నిమ్స్ ఆస్పత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగముంది, వాళ్లకు చూపించండి. ఏమీ తేలకపోయినా ఆటిజం లేదని కాదు. ఈ లోపల స్పీచ్ థెరపీ ఒక్క వారం కూడా ఆపొద్దు, ఏ రిపోర్టు కోసమూ.

ఆ ల్యాబు కాగితం ఫోటో ఈ పొద్దే పంపు. డబ్బు కట్టేసి ఉంటే ఆ మాటా చెప్పు, నేనేమీ అనను. సిద్ధు అన్నంలో నెయ్యి తింటున్నాడా?

అమ్మ