వేలం పాడేముందు నాణెం అంచు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

పాత నాణెం ఒకటి వేలంలో లక్షలు పలికిందన్న వార్త వచ్చినప్పుడల్లా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు కుర్రాళ్లు ఫోన్లలో గ్రీకు వెండి నాణేల వేలాలు వెతకడం మొదలుపెడుతున్నారు. ఆసక్తి మంచిదే, కానీ వాళ్లకు ముందుగా ఎదురయ్యేది నకిలీ సరుకు. ఇలాంటి వార్త వేసేటప్పుడు నాణెం బొమ్మతో పాటు బరువు, అడ్డుకొలత, అంచు ఫొటో కూడా వేయమని మా విన్నపం. అసలు నాణేన్ని గుర్తుపట్టేది వాటితోనే.

మన ప్రాంతానికి గ్రీకు నాణెంతో ఏం పని అని కొందరు అడుగుతారు. గంజాం జిల్లా పురుషోత్తంపూర్ దగ్గర జౌగడ రాతి మీద చెక్కిన అశోకుడి రెండో శాసనంలో అంతియోకుడనే యవన (గ్రీకు) రాజు పేరుంది. పశ్చిమాసియాను ఏలిన సెల్యూకస్ గ్రీకు వంశంలో రెండో ఆంటియోకస్ ఆయనేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ రాజు వెండి నాణేలు ఇప్పటికీ వేలాలకు వస్తాయి. ఒకవైపు రాజు తల, రెండోవైపు కూర్చున్న అపోలో దేవుడు. ఇక్కడివాళ్లు ఆ నాణెం కోరుకోవడంలో వింతేమీ లేదు.

ముందు బరువు సంగతి. ఏథెన్స్ తూకంలో ద్రాక్మా అనే వెండి నాణెం సుమారు 4.3 గ్రాములు, నాలుగు ద్రాక్మాల నాణెం 17.2 గ్రాములు. అలెగ్జాండర్ నాణేలదీ ఇదే తూకం. గుడ్లగూబ ఉన్న ఏథెన్స్ నాణెం మంచి స్థితిలో ఉంటే 17 గ్రాముల పైచిలుకు తూగాలి. 15.8 తూగితే ఆ తగ్గుదలకు కారణం నాణెం మీదే కనబడాలి: అరుగుదలో, తుప్పో, ఎక్కడైనా ముక్క పోవడమో. ముద్ర కొత్తదానిలా ఉండి బరువు మాత్రం తగ్గితే ఆ పాట వదిలేయండి. వాయవ్య భారతాన్ని ఏలిన ఇండో-గ్రీకు రాజుల తూకం వేరు. బౌద్ధ గ్రంథాల్లో మిళిందుడిగా కనిపించే మినాండర్ ద్రాక్మా 2.45 గ్రాముల దగ్గర ఉంటుంది. ఒకవైపు గ్రీకు లిపి, మరోవైపు ఖరోష్ఠి. మొదటిసారి కొనేవారికి మా సలహా ఇదే నాణెం. విరివిగా దొరుకుతుంది, పోల్చి చూడటానికి ఫొటోలు బోలెడు, ధర కూడా గుడ్లగూబ కంటే బాగా తక్కువ.

తర్వాత అంచు. ఆ కాలంలో వెండి బిళ్లను వేడిచేసి, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. దెబ్బకు లోహం పక్కలకు పారుతుంది, అంచున సన్నటి చీలికలు పడతాయి. పోత పోసిన నకిలీలో అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది, లేదా ఆ గీతను ఆకురాయితో రుద్దిన గుర్తులుంటాయి. పది రెట్లు పెద్దదిగా చూపే లూప్‌తో చూస్తే అక్షరాల మూలల్లో గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. వేలం జాబితాలో అంచు ఫొటో లేకపోతే అడిగి తెప్పించుకోండి. అడిగినా పంపని చోట పాట పెట్టకండి.

రెండు నాణేలు ఒకే అచ్చువి కావడం తప్పు కాదు, ఒక అచ్చుతో వేల నాణేలు కొట్టేవారు. కానీ రెండింటిలో ముద్ర ఒకే పక్కకు జరిగి, అదే చోట చీలిక, అదే చోట గీత ఉంటే, రెండిట్లో కనీసం ఒకటి పోత పోసిన నకిలీయే. అందుకే పాత వేలాల ఫొటోలతో పోల్చి చూడాలి. చేత్తో కొట్టిన ప్రతి నాణేనికీ తనదైన ఆకారం ఉంటుంది కాబట్టి, అదే నాణెం పాత జాబితాలో కనబడితే అంతకంటే గట్టి రుజువు లేదు. పురావస్తువుల దొంగరవాణాను ఆపడానికి చేసుకున్న 1970 నాటి యునెస్కో ఒప్పందం కంటే ముందే ఎవరో ఒకరి సేకరణలో ఉన్నదని తేలితే, దొంగతవ్వకాల సరుకేమోనన్న అనుమానమూ చాలావరకు తీరుతుంది.

నాణెం చేతికొచ్చాక సాంద్రత చూడండి. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి త్రాసును సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నటి దారంతో అడుగు తగలకుండా ముంచితే, త్రాసు చూపే అంకె అది తొలగించిన నీటి బరువు. గాలిలో బరువును ఆ అంకెతో భాగించాలి. 17.10 గ్రాముల నాణేనికి 1.65 వస్తే సాంద్రత 10.36. శుద్ధ వెండి 10.49 కాబట్టి మంచి నాణెం 10.2 నుంచి 10.45 మధ్య ఉంటుంది. జర్మన్ సిల్వర్ అయితే 9 కూడా దాటదు. చిన్న నాణెంతో జాగ్రత్త: 2.45 గ్రాముల ద్రాక్మాకు 0.235 వస్తే 10.43, త్రాసు 0.245 చూపితే 10.0. ఆ చిన్న తేడాకే మంచి నాణెం నకిలీలా కనిపిస్తుంది. దీనికి మిల్లీగ్రాముల త్రాసు కావాలి. నీళ్లలో ఒక చుక్క ద్రవ సబ్బు వేస్తే బుడగలు నాణేన్ని పట్టుకోవు. ఒక్క సాంద్రతతోనే తీర్పు చెప్పకూడదు. మంచి వెండితో చేసిన నకిలీ ఈ పరీక్ష దాటేస్తుంది, పగుళ్లున్న అసలు నాణెం తప్పుతుంది.

రాగి మీద వెండి రేకు తొడిగిన నాణేలు ఆ రోజుల్లోనే ఉండేవి. క్రీ.పూ. 375 ప్రాంతపు ఏథెన్స్ చట్టం ప్రకారం పరీక్షకుడు బజారులో కూర్చుని, లోపల రాగో సీసమో ఉన్న నాణేన్ని అక్కడికక్కడే కోసేయాలి. ఈజిప్టు, సిరియా వైపు వెళ్లిన మంచి గుడ్లగూబలకూ వర్తకులు కోత పెట్టి చూశారు. కోతకు ధర బాగా తగ్గుతుంది, కానీ కొత్తవారికి అలాంటి నాణెమే మేలంటాం. లోపలి వెండి కంటికి కనిపిస్తుంది.

దయచేసి కంసాలి దగ్గర గీటురాయి మీద రుద్దించకండి, చింతపండుతో తోమకండి. రెండు వేల ఏళ్లు భూమిలో ఉన్న వెండిని లోపల రేణువుల మధ్య తుప్పు తినేసి పెళుసుగా మార్చి ఉండొచ్చు. అలాంటిది గచ్చు మీద పడితే పెంకులా విరుగుతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో దాస్తే పచ్చటి జిగురు పడుతుంది. బరంపురం, గోపాల్‌పూర్ సముద్రపు గాలికి గట్టి ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికాజెల్ పొట్లం ఉండాలి.

ఇక డబ్బు. పాట ఆగిన ధరే మీరు కట్టేది కాదు. ఉదాహరణకు కొనుగోలుదారు ప్రీమియం (పాట ధర మీద వేలందారు తీసుకునే రుసుము) 20 శాతం, దానిమీద 18 శాతం పన్ను అనుకుంటే, 20,000 పాట 24,720 అవుతుంది. నాణెం మీద పన్ను, కొరియర్, బీమా వేరు. మొత్తం ఎంత పెట్టగలరో ముందు రాసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కగట్టి పాట పరిమితి తేల్చుకోండి. సిగ్నల్ నిలవని కొండ ఊళ్లవారు ఆ పరిమితిని ముందురోజే వేలందారుకు ఇచ్చేయడం మంచిది.

విదేశీ వేలాల్లో చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. నకిలీ అయితే వెనక్కి తీసుకుంటామని వాళ్లు రాస్తారు. కానీ నూరేళ్లు దాటిన నాణెం మన 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు. దాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. నకిలీయే అనుకున్నా, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇచ్చేదాకా తిప్పి పంపలేరు. అందుకే పరీక్షలన్నీ నాణెం అక్కడ ఉండగానే చేయించాలి. సుంకం ఎంతో కూడా పాటకు ముందే కనుక్కోండి, బిల్లు పారేయకండి.

ఇక్కడి పొలాల్లో దొరికే పాత వెండికి దారి వేరు. 1878 నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నది కలెక్టరుకు రాసివ్వాలి. గంజాంవారికి ఆ కార్యాలయం ఛత్రపురంలో ఉంది. కలెక్టరు దాన్ని ప్రభుత్వానికి తీసుకుంటే లోహం విలువ, దానిపై అయిదో వంతు కలిపి చెల్లిస్తారు. కరిగించేవాడికి అమ్మకుండా, మట్టి కూడా కడగకుండా, దొరికినది దొరికినట్టే అప్పగించండి.

ఇట్లు,
కొందరు నాణేల సేకర్తలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా