మళ్ళీ వస్తానని మాత్రం చెప్పకు

చిన్నా,

ఎదురుగా కూర్చుని చెబితే సగం వినకుండానే "సరేలేమ్మా" అనేసి లేచిపోతావని ఇలా రాస్తున్నా. మీ టీంతో రెండు వారాల సువార్త పరిచర్యకని వేరే దేశం వెళ్తున్నావు కదా, వెళ్ళేముందు తీరిగ్గా చదువుకో. ఫ్లైట్‌లో చదివినా పర్వాలేదు అందామనుకున్నా కానీ వీసా సంగతీ టీకా సంగతీ కూడా ఇందులోనే ఉన్నాయి, అందుకని ఇవాళే చదువు.

నాకు గిటార్ మీద జీ, సీ, డీ తప్ప ఇంకో కార్డ్ రాదని చిన్నప్పటినుంచీ ఏడిపిస్తావు కదా, ఏ పాటనైనా ఆ మూడింట్లోకే ఈడ్చుకొస్తానని. అవి ఎవరు నేర్పారో నీకెప్పుడూ చెప్పలేదు. నాకు పదమూడేళ్ళప్పుడు వేరే దేశం నుంచి మా చర్చికి ఒక టీం పది రోజుల పరిచర్యకని వచ్చింది. అందులో ఒక అక్క. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. సాయంత్రం మీటింగ్ అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని తీగల మీద పెట్టేది. ఉంగరం వేలితో ఎంత నొక్కినా ఆ కింది సన్న తీగ 'టప్' మనేదే తప్ప మోగేది కాదు. వేళ్ళ కొసలు కమిలిపోయి నీళ్ళు తగిలితే మండేవి. ఏడో రోజుకి జీ సరిగ్గా పలికింది, నాకంటే ఆ అక్కే ఎక్కువ గంతులేసింది. వెళ్ళిపోయే రోజు గేటు దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చి, ట్రాన్స్‌లేటర్ అన్నయ్యని పిలిచి మరీ చెప్పించింది: ఉత్తరాలు రాస్తాను, వచ్చే ఏడు మళ్ళీ వస్తాను, నాలుగోది అప్పుడు నేర్పిస్తాను అని.

ఉత్తరం రాలేదు. పోస్ట్‌మాన్ వచ్చే వేళకి నేను గుమ్మంలో నిలబడేదాన్ని, చాలా నెలలు. అమ్మమ్మ ఏమీ అడిగేది కాదు, చూసీ చూడనట్టు ఊరుకునేది.

ఆ అక్క మీద నాకిప్పుడు కోపం లేదు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, ఆ నిమిషంలో నిజంగానే అనుకుని ఉంటుంది. అక్కడే ఉంది చిక్కంతా. ఏడుస్తున్నప్పుడు మనం ఇచ్చే మాటలు మనకే పెద్దగా గుర్తుండవు, విన్నవాళ్ళకి ఉంటాయి. మరుసటేడు ఇంకో టీం వచ్చింది, వాళ్ళ దగ్గరా గిటార్ ఉంది. నేను వెళ్ళి వెనక వరసలో కూర్చున్నా.

అందుకే చెప్తున్నా, మీరు కలవబోయే పిల్లలు మిమ్మల్నే మొదటిసారి చూస్తున్నారనుకోకు. మీకంటే ముందు ఎన్ని టీంలు వచ్చి వెళ్ళాయో. కొందరికి ఇళ్ళల్లోనే వదిలేసి వెళ్ళినవాళ్ళు ఉంటారు. రెండు వారాల్లో వెళ్ళిపోతామని మొదటి రోజే చెప్పేయండి. మళ్ళీ ఎప్పుడొస్తావు అని అడిగితే, తెలియదు అను. ఆ మాట అనడానికి గొంతు పట్టేస్తుంది, అయినా అను. నీ సొంత నంబర్ ఎవరికీ ఇవ్వొద్దు, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అసలే వద్దు. ఏదైనా అక్కడి యూత్ లీడర్ ద్వారానే. వచ్చాక నెలకొక ఉత్తరం రాయగలవనిపిస్తే ఆయన పేరు మీద, పిల్లలందరికీ కలిపి రాయి. రాయలేననిపిస్తే రాస్తానని చెప్పకు.

బైబిల్లో పౌలు సంగతే తీసుకో. థెస్సలొనీకలో సమాజమందిరానికి మూడు విశ్రాంతి దినాలు వెళ్ళి మాట్లాడాడని అపొస్తలుల కార్యములు 17లో ఉంది. మొత్తం ఎన్నాళ్ళు ఉన్నాడోగానీ అక్కడ కుదురుగా మాత్రం ఉండనివ్వలేదు, అల్లరి జరిగి రాత్రికి రాత్రే బెరయకు పంపించేశారు. అలా హడావిడిగా వచ్చేసినవాడు ఊరుకున్నాడా? ఏథెన్సు నుంచి తిమోతిని వెనక్కి పంపాడు, వాళ్ళు ఎలా ఉన్నారో కనుక్కోమని. తర్వాత ఉత్తరాలు రాశాడు, రెండు మన చేతుల్లోనే ఉన్నాయి. ఉన్నది కొన్నాళ్ళే అయినా ఆ ఊరిని మర్చిపోలేదు, అదీ నాకు నచ్చేది. అందరం ఆయన ప్రసంగాల గురించే మాట్లాడతాం, ఆ ఉత్తరాలు రాయడానికి పట్టిన ఓపిక గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంకోటి, లెక్కలు. మా చర్చికి వచ్చిన టీం రోజూ చివర్లో ప్రభువును అంగీకరించేవాళ్ళు చేతులెత్తండి అనేవాళ్ళు. ఆ పది రోజుల్లో నేను మూడుసార్లు ఎత్తాను చిన్నా! ఒకసారి నిజంగానే మనసు కదిలి, ఇంకోసారి పక్కనున్న పిల్ల ఎత్తిందని, మూడోసారి ఎవరూ ఎత్తకపోతే ఆ అక్క మొహం చిన్నబోతుందని. వాళ్ళ రిపోర్టులో నేను ముగ్గుర్ని అయి ఉంటాను. అతిథి అడిగితే పిల్లలు కాదనరు, అందుకని చేతులు లెక్కపెట్టుకుని మురిసిపోకు. జడ్సన్ దొర అనే అమెరికా మిషనరీ 1813లో బర్మా వెళితే మొదటి బాప్తిస్మం ఇవ్వడానికి 1819 దాకా పట్టింది. ఆయనకి ఆరేళ్ళు పట్టినది మీకు పధ్నాలుగు రోజుల్లో అయిపోవాలని మీ టీంలో ఎవరైనా టెన్షన్ పడుతుంటే ఈ మాట చెప్పు.

ఇలా కొన్నాళ్ళకని కుర్రాళ్ళు వెళ్ళడం కొత్తేమీ కాదు. 1957లో జార్జ్ వెర్వర్, ఇంకో ఇద్దరు స్నేహితులు, ముగ్గురూ కాలేజీ కుర్రాళ్ళే, పాత ట్రక్కులో పుస్తకాలు వేసుకుని మెక్సికో వెళ్ళారు, ఆపరేషన్ మొబిలైజేషన్ అనే మిషనరీ సంస్థ మొదలైంది అక్కడే. పదకొండేళ్ళ తర్వాత, 1968లో, అదే మెక్సికోలో ఇవాన్ ఇలిచ్ అనే కాథలిక్ ప్రీస్ట్ సేవ చేద్దామని వచ్చిన అమెరికా విద్యార్థుల్ని నిలబెట్టి కడిగేశాడు: చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, మాకు సాయం చేయడానికి మాత్రం రాకండి అని. మొదటి కథ ప్రతి యూత్ క్యాంప్‌లోనూ చెప్పుకోవచ్చు, రెండోది మనవాళ్ళు చెప్పరు. నాకైతే ఇలిచ్ మాట పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు, ఆ అక్క రాకపోతే నాకు ఆ మూడు కార్డ్స్ కూడా వచ్చేవి కావు. కానీ వెళ్ళేముందు ఆ మాట ఒకసారి పడి వెళ్ళడం మంచిదే.

వీసా. టూరిస్ట్ వీసా మీద వెళ్ళి మీటింగ్‌లు పెట్టొచ్చా లేదా అన్నది ఆ దేశపు ఎంబసీని అడగాలి, మీ టీం లీడర్ ఊహని కాదు. ఇమిగ్రేషన్‌లో ఎవరైనా "చూడటానికి వచ్చాం అని చెప్పేయండి చాలు" అంటే నువ్వు అనకు. సువార్త చెప్పడానికి వెళుతూ గుమ్మంలోనే అబద్ధమాడితే ఎలా? పైగా పట్టుబడితే మీరు ఇంటికొచ్చేస్తారు, మిమ్మల్ని పిలిచిన పాస్టర్ గారికి చుట్టుకుంటుంది.

ఎల్లో ఫీవర్ టీకా మీరు వెళ్ళే దేశానికి అవసరమో కాదో ఇంకా కనుక్కోలేదన్నావు. అవసరమైతే వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది, ముందురోజు వేయించుకుంటే పనికిరాదు. పాస్‌పోర్ట్ గడువు చూసుకో, తిరిగొచ్చే తేదీ తర్వాత ఆరు నెలలుండాలని చాలా దేశాలు అడుగుతాయి. పవర్ బ్యాంక్ పెద్ద బ్యాగ్‌లో వేయకు, చేతి బ్యాగ్‌లోనే.

పిల్లల దగ్గర ఒక్కడివే ఉండకు, ఇంకో పెద్దవాళ్ళు కనిపించే చోటే ఉండు. నీ మీద నమ్మకం లేక కాదు, వాళ్ళకీ నీకూ కూడా అదే క్షేమం. వాళ్ళ ఫోటోలు అడగకుండా తీయొద్దు, పెట్టొద్దు. నీ ఫోటో ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్ళు తీసి "పాపం" అని రాసి పెడితే నాకెలా ఉంటుందో ఆ పిల్లల అమ్మలకీ అలాగే ఉంటుంది.

గిటార్ తీసుకెళ్ళనా అని మొన్న అడిగావు, జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఇప్పుడు అర్థమై ఉంటుంది. తీసుకెళ్ళు. ముందు అక్కడ వాయించేవాళ్ళు ఎవరున్నారో కనుక్కో, ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ పాటలు నువ్వు నేర్చుకో. ఏ పిల్లైనా నేర్పమని నీ దగ్గరకొస్తే అక్కడే ఉండిపోయే ఒకరిని, యూత్ లీడరో ఇంకెవరో, ఆ పిల్లతో పాటు కూర్చోబెట్టి నేర్పు, నువ్వు వచ్చేశాక నాలుగోది ఆ మనిషి నేర్పుతారు. స్ట్రింగ్స్ రెండు సెట్లు కొని నీ గిటార్ బ్యాగ్ పక్క అరలో పెట్టాను. అవి అక్కడే వదిలేసి రా.

అమ్మ