ఆ 11 సెట్లూ వెనక్కి పంపండి

నమస్కారం.

గత ఏడాది మా దగ్గర పాత వాల్వ్ ఆసిలోస్కోప్ (కరెంటు సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే, గాజు వాల్వులతో నడిచే యంత్రం) బాగుచేయించుకున్నవాళ్లలో 11 మందికి ఈపాటికి నా నుంచి విడిగా కబురు అంది ఉంటుంది. మిగతావాళ్లు "మా సెట్ ఎప్పుడిస్తారు" అని అడుగుతూనే ఉన్నారు. రెండింటికీ కారణం ఒకటే కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఓపిక లేనివాళ్ల కోసం అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ 11 సెట్లలో డిలే లైన్ (సిగ్నల్‌ని కాస్త ఆలస్యం చేసే భాగం) ట్యూనింగ్ నేను తప్పుగా చేశాను. వాల్వుల్లో ఉన్న జబ్బుని ట్రిమ్మర్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాట్లు) తిప్పి కప్పేశాను. కావాలని చేసింది కాదు. కానీ ఈ పని మీద బతుకుతున్నవాడిని, నాకు తెలిసి ఉండాల్సింది. వాటిని ఉచితంగా మళ్లీ చేసిస్తాను, రానూపోనూ రవాణా ఖర్చు కూడా నాదే. అవి పూర్తయ్యేదాకా కొత్త సెట్లు తీసుకోను.

ఇక ఓపిక ఉన్నవాళ్ల కోసం, జరిగింది ఇదీ.

నాలుగు నెలల కింద ఒక కస్టమర్ ఫోన్ చేశారు. ఆయనది టెక్ట్రానిక్స్ కంపెనీవాళ్ల 545ఎ మోడల్. నేను పంపిన రోజున బ్రహ్మాండంగా ఉందన్నారు. పొద్దున పూట పల్స్ జనరేటర్ (పరీక్ష సిగ్నల్ ఇచ్చే పెట్టె) పెట్టి చూస్తే స్క్వేర్ వేవ్ (నిటారు అంచులు, చదునైన పైగీత ఉన్న సిగ్నల్) నున్నగా, బల్లపరుపుగా కనిపిస్తోందట. సాయంత్రం కరెంటు వోల్టేజ్ కొంచెం తగ్గేసరికి అదే వేవ్ ఎడమ మూలన చిన్న కొమ్ము మొలుస్తోందట. నేనేమన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మీ లైన్ బాగోలేదు సార్, స్టెబిలైజర్ పెట్టుకోండి" అన్నాను. ఆయన వాదించలేదు. మర్నాడు రెండు ఫోటోలు పంపారు. పక్కనే మీటర్ కూడా కనిపించేలా తీసినవి. వోల్టేజ్ తేడా 10 శాతం కూడా లేదు. కొమ్ము మాత్రం స్పష్టంగా ఉంది.

ఆ ఫోటోలు చూశాకే నా మాట నాకే తప్పుగా తోచింది. ఎందుకంటే ఈ సెట్‌ని తయారుచేసినవాళ్లు మెయిన్స్ (గోడ నుంచి వచ్చే కరెంటు) హెచ్చుతగ్గుల్ని లోపలికి రానివ్వకుండా ఎంత జాగ్రత్త పడ్డారో నాకు తెలుసు, రోజూ చేతులు పెట్టేది అక్కడే. లోపల మైనస్ 150 వోల్టుల సప్లై ఒకటి ఉంటుంది. దానికి ఆధారం 5651 అనే చిన్న గ్యాస్ వాల్వ్. సుమారు 85 వోల్టుల దగ్గర కదలకుండా నిలబడటమే దాని ఉద్యోగం. 100, 225, 350, 500 వోల్టుల సప్లైలన్నీ ఆ మైనస్ 150ని చూసుకుని తమని తాము సరిచేసుకుంటాయి. ఇంటి పెద్ద ఒక్కడే గడియారం పెట్టుకుంటే మిగతావాళ్లంతా ఆయన్ని అడిగి టైమ్ తెలుసుకున్నట్టు. మెయిన్స్ 10 శాతం తగ్గినా ఈ వోల్టేజీలు చెక్కుచెదరవు. నేను కెపాసిటర్లు మార్చి, రిపుల్ (సప్లైలో మిగిలే చిన్న అల) కొలిచి, కాగితం మీద రాసి పంపేది కూడా ఈ లెక్కలే.

మరి సాయంత్రం మారింది ఏమిటి? హీటర్లు, అంటే వాల్వులో ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడ్‌ని వేడిచేసే తీగలు. చాలా వాల్వులకి హీటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా వస్తుంది, మధ్యలో రెగ్యులేటర్ ఉండదు. మెయిన్స్ తగ్గితే క్యాథోడ్ వేడి తగ్గుతుంది. మామూలు వాల్వుకి ఆ కాస్త తేడా పెద్ద లెక్కలోది కాదు. లెక్కలోకి వచ్చిందంటే ఆ వాల్వ్ క్యాథోడ్‌లో ఏదో తేడా ఉన్నట్టే.

ఈ జబ్బుకి క్యాథోడ్ ఇంటర్‌ఫేస్ అని పేరు. క్యాథోడ్ అంటే సన్నని నికెల్ గొట్టం, దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత. ఆ నికెల్‌లో లేశమంత సిలికాన్ ఉన్నా, ఏళ్ల తరబడి వేడి మీద అది బేరియం ఆక్సైడ్‌తో కలిసి పూతకీ లోహానికీ మధ్య పల్చటి పొర కడుతుంది. వాల్వ్ వేడిగా ఉండి కూడా కరెంటు పారకుండా ఊరికే కూర్చుంటే ఆ పొర ఇంకా తొందరగా పెరుగుతుంది. 1940ల చివర అమెరికాలో ఎంఐటీలో వర్ల్‌విండ్ కంప్యూటర్ కట్టినవాళ్లని ఏడిపించింది ఇదే. వాళ్లు సిలికాన్ బాగా తగ్గించిన నికెల్‌తో వాల్వులు చేయించుకుని గట్టెక్కారు.

ఆ పొర చేసే పని ఒక రెసిస్టర్, దానికి అడ్డంగా ఒక చిన్న కెపాసిటర్ పెట్టినట్టు ఉంటుంది. వేగంగా మారే సిగ్నల్ కెపాసిటర్ గుండా దాటిపోతుంది. నెమ్మదైన సిగ్నల్‌కి రెసిస్టర్ అడ్డం పడుతుంది. కాబట్టి స్క్వేర్ వేవ్ అంచు పూర్తి ఎత్తుకి ఎక్కుతుంది, ఆ తర్వాత మైక్రోసెకండు అటూఇటూగా మెల్లగా కిందికి జారుతుంది. కొమ్ము అంటే అదే. వేడి తగ్గితే పొర రెసిస్టెన్స్ పెరుగుతుంది, కొమ్మూ పెరుగుతుంది. వాల్వ్ టెస్టర్‌లో పెడితే ఇది పట్టుబడదు. టెస్టర్ కొలిచేది నెమ్మదైన సిగ్నల్‌తో, గెయిన్ కొంచెం తక్కువ చూపించి "మంచిదే" అని పంపేస్తుంది. సెట్‌లోనే ఉన్న 1 కిలోహెర్ట్జ్ క్యాలిబ్రేటర్‌తో చూసినా దొరకడం కష్టం. దాని అంచు అంత చురుగ్గా ఎక్కదు. ఆ 11 మందిలో మిగతా పది మందీ నాకు ఫోన్ చేయకపోవడానికి కారణం ఇదే అనుకుంటున్నాను, సెట్లు బాగుండటం కాదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను. అది అర్థం కావాలంటే నిలువు విభాగం (గీతని పైకీ కిందికీ కదిలించే భాగం) ఎలా కట్టారో కొంచెం చెప్పాలి. చెప్పమంటే నాకూ సరదానే.

545ఎ కి 30 మెగాహెర్ట్జ్ అందాలి. ఒక్క వాల్వుతో అంత వేగమూ, తెర మీద గీతని కదిలించేంత బలమూ రెండూ రావు. రెండు మూడు పక్కపక్కన కలిపితే బలంతో పాటు గ్రిడ్‌ల (సిగ్నల్ వాల్వులోకి వెళ్లే కొసల) దగ్గర వేగాన్ని తగ్గించే కెపాసిటెన్స్ కూడా అంతకంత పెరుగుతుంది, ఒరిగేది సున్నా. దీనికి 1930లలోనే పెర్సివల్ అనే ఆయన ఒక ఉపాయానికి పేటెంట్ తీసుకున్నారు. గ్రిడ్‌ల మధ్య చిన్న కాయిల్స్, ప్లేట్ల (సిగ్నల్ బయటికి వచ్చే కొసల) మధ్య చిన్న కాయిల్స్ పెడితే, అడ్డుపడుతున్న ఆ కెపాసిటెన్సే ట్రాన్స్‌మిషన్ లైన్‌లో భాగమైపోతుంది. సిగ్నల్ గ్రిడ్ లైన్ వెంట నడుస్తూ పోతుంటే, ఒక్కో వాల్వ్ తన వంతు రాగానే ప్లేట్ లైన్‌లో పోతున్న అలకి ఒక తోపు ఇస్తుంది. వాల్వుల బలాలు కలుస్తాయి, కెపాసిటెన్సులు కలవవు. 1948లో గింజ్‌టన్, హ్యూలెట్ వగైరాలు రాసిన పేపర్‌తో దీనికి డిస్ట్రిబ్యూటెడ్ ఆంప్లిఫయర్ అన్న పేరు స్థిరపడింది. 545ఎ లో ఇలాంటివి ఆరు జతలు, మొత్తం పన్నెండు 6డీకే6 వాల్వులు. అందం అక్కడే ఉంది, తంటా కూడా అక్కడే. పన్నెండిట్లో నాలుగైదు సగం జబ్బుపడ్డా సెట్ ఆగిపోదు. అందరి మీదా కలిపి కొంచెం కుంటుతుంది, అంతే.

దాని తర్వాత డిలే లైన్. ట్రిగ్గర్ సిగ్నల్‌ని (గీత ఎప్పుడు బయల్దేరాలో చెప్పేదాన్ని) దీనికి ముందే తీసుకుంటారు. స్వీప్ (గీత ఎడమ నుంచి కుడికి సాగడం) మొదలై, గీత వెలిగి కదలడానికి కొంత టైమ్ పడుతుంది కదా, ఆలోగా అసలు సిగ్నల్ తెర మీదికి వచ్చేస్తే దాని మొదటి అంచే కనిపించదు. అందుకని సిగ్నల్‌ని 0.2 మైక్రోసెకండ్ల పాటు కాయిల్స్, కెపాసిటర్ల దారిలో నడిపిస్తారు. ఆ దారి పొడవునా పదుల కొద్దీ ట్రిమ్మర్లు. తెరని 0.1 మైక్రోసెకండుకి ఒక సెంటీమీటర్ వేగంలో పెట్టి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ఒక ట్రిమ్మర్‌ని పావు వంతు తిప్పితే, స్క్వేర్ వేవ్ పైగీత మీద ఒక్క చోటే చిన్న బుడిపె లేస్తుంది. పక్క ట్రిమ్మర్ తిప్పితే దాని పక్కన. ఒక చివర నుంచి మరో చివరకి పోతుంటే ఆ బుడిపె ఎడమ నుంచి కుడికి జరుగుతూ పోతుంది. మొదటిసారి చూసినప్పుడు అరగంట సేపు పని మానేసి దీంతోనే ఆడుకున్నాను.

ట్రిమ్మర్లన్నిటినీ ఒకే పక్కకి కొద్దికొద్దిగా తిప్పితే బుడిపె బదులు పైగీత మొత్తం ఏటవాలు మారుతుంది. నేను చేసింది అదీ. గీత మొదట్లో ఎత్తుగా ఉండి జారుతోంది. డెబ్బై ఏళ్ల కాలంలో ట్రిమ్మర్లు కదిలి ఉంటాయిలే అనుకుని, ఓపిగ్గా కూర్చుని, గీతని అద్దంలా చేసి పంపాను. కుంటుతున్న బల్ల కాలు బాగుచేయకుండా, దానికి సరిపోయేలా నేలని చెక్కానన్నమాట. నా బెంచ్ మీద వోల్టేజ్ కదలదు కాబట్టి అది నిలబడింది. మీ ఇళ్లలో కదులుతుంది.

ఇలా 11 సార్లు చేశాను. నా నోట్‌బుక్‌లో ప్రతి సెట్‌కీ ట్రిమ్మర్లు ఎంత తిప్పానో రాసుకునే అలవాటుంది. అన్నీ ఒకే దిక్కుకి తిప్పిన సెట్లు వెతికితే ఈ 11 తేలాయి. అలవాటు మంచిదే, కానీ ఆ పేజీలు అప్పుడే ఒకసారి వరసగా చదివి ఉంటే మొదటి మూడు సెట్లకే అనుమానం రావాల్సింది.

పని వరస ఇప్పుడు మార్చాను. సప్లైలు సరిచేశాక, ఏ ట్రిమ్మరూ ముట్టకముందే వేరియాక్‌తో (వోల్టేజ్‌ని కావలసినట్టు పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌తో) మెయిన్స్ 10 శాతం కిందికీ పైకీ తెచ్చి స్క్వేర్ వేవ్ మూలని చూస్తాను. మూల కదిలితే ముందు వాల్వులు. ఒక్కొక్కటీ మార్చి, మళ్లీ వేరియాక్ తిప్పి చూడటం. ఆ తర్వాత రెండు రోజులు సెట్ నడిపి, అప్పుడు డిలే లైన్. ప్లగ్-ఇన్‌కి (సెట్‌లోకి తోసి పెట్టే విడి యూనిట్‌కి) కూడా ఇదే పరీక్ష. దీనివల్ల ఒక్కో సెట్‌కి దాదాపు వారం ఎక్కువ పడుతోంది, మీ ఆలస్యానికి ముఖ్య కారణం అదే.

రెండో కారణం వాల్వులే. "వాడనివి, పరీక్షించినవి" అని ఒకచోట 30 కొన్నాను, వాటిలో 7 వేరియాక్ పరీక్షలో తప్పాయి. అమ్మినవాళ్లని పూర్తిగా తప్పు పట్టలేను, వాళ్ల టెస్టర్ కూడా నా టెస్టర్ లాంటిదే. అదృష్టం ఏమిటంటే 6డీకే6 అంటే ఆడియో వాళ్లకి మోజు లేదు. 547 లాంటి సెట్లలో వాడే 6డీజే8 కోసం మాత్రం వాళ్లతో పోటీ పడాల్సి వస్తోంది. 547లు ఇచ్చినవాళ్లు దయచేసి ఇంకొంచెం ఆగండి.

హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ పోయిన రెండు సెట్లు ఉన్నాయి, వెలిగించిన అరగంటకి గీత ఉబ్బి, మసకబారి, మాయమయ్యేవి. వాటికి నా దగ్గర నమ్మకంగా ఇవ్వగల వైద్యం ఇప్పటికి లేదు. ఆ ఇద్దరికీ సెట్లు తిరిగి పంపేస్తున్నాను, డబ్బేమీ తీసుకోను. స్వీప్ విభాగం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, నాకూ లేదు. ఆ మిల్లర్ సర్క్యూట్ కట్టినవాడికి దండం పెట్టాలి.

మీరు చూసుకోగలిగింది ఒకటుంది. వేరియాక్ ఉంటే, మూత తీయకుండానే, సెట్ గంటసేపు వేడెక్కాక పదునైన అంచున్న పల్స్ ఇచ్చి, మెయిన్స్ మెల్లగా 10 శాతం తగ్గించి మూలని చూడండి. నా 11లో లేకపోయినా మూల కదిలితే నాకు చెప్పండి. మూత మాత్రం తీయొద్దు. లోపల 500 వోల్టులు దాదాపు ఎక్కడ చెయ్యి పెట్టినా ఉంటాయి, పిక్చర్ ట్యూబ్ దగ్గర మొత్తం 10,000. తీసి ట్రిమ్మర్లు తిప్పొద్దని మరీ మరీ చెబుతున్నాను. తిప్పితే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు.

సొంతంగా సోల్డర్ చేసుకునే ఇద్దరు ముగ్గురికి ఒక మాట. లోపల వరసగా గాట్లున్న తెల్లటి పింగాణీ పట్టీల మీద మామూలు సోల్డర్ వాడకండి. ఆ గాట్లలోని వెండి పూతని అది కరిగించి తినేస్తుంది, తర్వాత ఏదీ అతుక్కోదు. 3 శాతం వెండి కలిసిన సోల్డరే వాడాలి. కంపెనీవాళ్లు అందుకే సెట్ లోపలే దాని చుట్ట ఒకటి తగిలించి పంపేవారు. మీ దాంట్లో ఇంకా ఉంటే దాన్ని అలాగే ఉంచేయండి, చూడటానికి బాగుంటుంది.

పంపేటప్పుడు ప్లగ్-ఇన్ తీసి వేరే పెట్టెలో పెట్టండి. సెట్ 30 కిలోల దాకా ఉంటుంది, ఒక్కరే ఎత్తొద్దు.

ఫోటోలు పంపిన ఆయన సెట్ నిన్ననే బెంచ్ మీదికి ఎక్కింది. పన్నెండు వాల్వుల్లో ఐదు మార్చాక, వేరియాక్ ఎటు తిప్పినా మూల కదలడం లేదు. అయితే పైగీత ఇప్పుడు మొదటి మూడు సెంటీమీటర్లు లోపలికి కుంగి ఉంది. ఆ కుంగిందంతా అప్పట్లో నేను తిప్పిన ట్రిమ్మర్లే. రేపు పొద్దున మొదటి ట్రిమ్మర్ దగ్గర మొదలుపెడతాను.