ఆవకాయ పార్సిల్‌తో పాటు

హైదరాబాద్

చిన్నీ,

ఆవకాయ సీసాకీ సున్నుండల డబ్బాకీ మధ్య ఈ కాయితం పెడుతున్నాను. నూనె కారినా తడవకుండా కవర్లో చుట్టాను.

ఆడవాళ్ల క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ అయిన రాత్రి నువ్వు ఫోన్ చేసేసరికి ఇక్కడ పన్నెండు దాటింది. హర్మన్‌ప్రీత్ వెనక్కి పరిగెత్తి ఆ చివరి క్యాచ్ పట్టగానే నేను అరిచిన అరుపుకి మీ నాన్న ఉలిక్కిపడి లేచారు. ఆ సందడిలో నువ్వొక మాట అన్నావు. "మగవాళ్లది చూసి వీళ్లకీ ఒక కప్పు పెట్టారు, ఇన్నాళ్లకి మనకొచ్చింది" అని. అప్పుడేమీ అనలేదు గానీ, ఆ మొదటి సగం తప్పమ్మా. మగవాళ్ల మొదటి వరల్డ్ కప్ 1975లో. ఆడవాళ్లది 1973లోనే అయిపోయింది.

అదీ ఎక్కడ? నువ్వు పార్ట్‌టైమ్‌కి వెళ్తూ బస్సులోంచి చూస్తానంటావే, బర్మింగ్‌హామ్‌లోని ఆ ఎడ్జ్‌బాస్టన్ గ్రౌండ్‌లోనే కప్పు తేలింది. ఇంగ్లండ్ కెప్టెన్ రేచల్ హేహో ఫ్లింట్ పూనుకుంది, జాక్ హేవర్డ్ అనే వ్యాపారి 40,000 పౌండ్లు ఇచ్చాడు. దేశాలు సరిపోలేదు. పేకాటకి చెయ్యి తక్కువైతే పక్కింటాయన్ని పిలిచినట్టు, ఇంగ్లండ్ కుర్రపిల్లలతో ఒక జట్టు, అక్కడా ఇక్కడా మిగిలినవాళ్లతో ఇంకో జట్టు కట్టి ఏడు చేశారు. ఆఖరి రోజు ఈనిడ్ బేక్‌వెల్ 118 కొట్టింది, ఆస్ట్రేలియా మీద ఇంగ్లండ్ 92 పరుగులతో గెలిచింది. మనవాళ్లు అందులో లేరు. మన మహిళా క్రికెట్ సంఘం పుట్టిందే ఆ ఏడాది.

రెండో కప్పు మన దేశంలో, 1978లో. నాలుగే జట్లు. మనం ఆడిన మూడూ ఓడిపోయాం. కప్పు తేల్చిన మ్యాచ్ మాత్రం మన ఎల్బీ స్టేడియంలో జరిగింది. ఇంగ్లండ్ 50 ఓవర్లాడి 96 కొడితే, ఆస్ట్రేలియా రెండు వికెట్లే పోగొట్టుకుని దాటేసింది.

ఆ రోజు జనవరి 13, భోగి. నాకు ఐదేళ్లు. తాతయ్య మామయ్యని సైకిలు మీద కూర్చోబెట్టుకుని మ్యాచ్‌కి తీసుకెళ్లారు. నేనూ వస్తానని గేటు పట్టుకుని ఏడిస్తే అమ్మమ్మ లోపలికి లాక్కొచ్చింది, సాయంత్రం భోగిపళ్లు పొయ్యాలని. రేగిపళ్లు, చిల్లర నెత్తిమీంచి జారుతున్నా నా కళ్లు వీధి వైపే. ఆడవాళ్ల ఆటకి ఆడపిల్లని ఇంట్లో వదిలి మగపిల్లాణ్ణి తీసుకెళ్లారు! మొన్న మామయ్యని అడిగితే, "స్కర్టుల్లో ఆడారే, పల్లీలు బాగున్నాయి" అన్నాడు. అంతే. స్కోరు కూడా గుర్తులేదు మహానుభావుడికి.

2017 ఫైనల్లో, లార్డ్స్‌లో, 191కి మూడే వికెట్లు పోయిన మనవాళ్లు 219కి ఆలౌటై తొమ్మిది పరుగులతో ఓడిన రాత్రి నువ్వు అన్నం మానేశావు, గుర్తుందా? అంతకుముందు 2005 ఫైనల్లోనూ మన మిథాలీయే కెప్టెన్, అప్పుడూ ఓటమే. అందుకే ఈసారి వీళ్లు కప్పు తీసుకెళ్లి ఆ రెండుసార్లూ ఆడి ఓడిన మిథాలీ చేతిలో, ఝులన్ చేతిలో పెడితే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. దక్షిణాఫ్రికా మీద షెఫాలీ 87, దీప్తి ఐదు వికెట్లు సరే, నాకు ముద్దొచ్చింది మాత్రం కడప జిల్లా పిల్ల శ్రీచరణి. టోర్నీలో 14 వికెట్లు తీసి, ఏమీ ఎరగనట్టు నవ్వుతుంది.

ఒకరోజు ఆ ఎడ్జ్‌బాస్టన్ స్టాపులో దిగి, గేటు దగ్గర ఫొటో తీసుకుని పంపు. ఆదివారం మామయ్యని వెంటబెట్టుకుని నేను ఎల్బీ స్టేడియం దగ్గర దిగి పంపుతాను. పల్లీలు వాడి చేతే కొనిపిస్తాను.

ఆవకాయలో తడి గరిటె పెట్టకు.

అమ్మ