ఆ ఒక్క ‘అంట’ను ఎందుకు కోశారు? మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా కలిగిరి ప్రాంతం నుంచి ఒక డ్వాక్రా సంఘం లీడరు నమస్కరించి రాసుకునేది.

మంత్రి గారూ, ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికి రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. ఏ కార్యాలయంలో ఇచ్చానో, ఎవరి చేతికి ఇచ్చానో ఇక్కడ రాయను. అక్కడి వాళ్లలో కొందరు మంచిగానే మాట్లాడారు, ఒకాయన కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా ఇప్పించారు. కానీ మూడుసార్లూ ఎవరో ఒకరు ఫోన్ తీసి, నా మాట కోసి అర్థం మార్చి తిప్పుతున్న ఆ వీడియో చూసి, నా ముఖం చూసి, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నారు. ఇంక అర్జీని కవర్లో పెట్టి ఇచ్చే ఓపిక నాకు లేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

విషయం మీకు తెలిసే ఉంటుంది. ‘క్వార్టర్ ఆంటీ’ అని మీ ఫోన్‌కి కూడా ఆ వీడియో వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది నేనే. నేను తాగను. నా జన్మలో ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. ఈ మాట చెప్పుకోవాల్సి రావడమే నాకు సిగ్గుగా ఉంది.

మా ఊళ్లో బడి వెనక బెల్టు షాపు నడుస్తోంది. తాగినవాళ్లు సీసాలు బడి గోడ మీదుగా లోపలికి విసిరేస్తారు. మూడో తరగతి పిల్లాడి కాలికి గాజు పెంకు దిగి ఆరు కుట్లు పడ్డాయి. ఆ మరునాడు మా సంఘం ఆడవాళ్లం పదిమందిమి ఆ సీసాలన్నీ ఏరి గోతంలో పోసుకుని రోడ్డు మీద కూర్చున్నాం. మైకు పట్టుకుని ఒక యూట్యూబ్ ఛానెల్ అబ్బాయి వచ్చాడు. అందరూ నన్నే మాట్లాడమన్నారు. గోతంలోంచి ఒక క్వార్టర్ సీసా తీసి చేత్తో పట్టుకుని, ఉన్నదంతా చెప్పాను. పిల్లాడి సంగతి చెప్పాను, నా సంగతీ చెప్పాను. అప్పుడు అన్న మాట ఇది: “ఒక్క గుక్క పడితే లోకమంతా నాదే అనిపిస్తది... అంట మా ఆయనకి. ఆ గుక్క కోసమే నలభై ఆరేళ్లకు పోయాడు. నాకు ఇద్దరు పిల్లల్ని, లక్షన్నర అప్పుని ఇచ్చిపోయాడు.”

‘అనిపిస్తది’ దగ్గర నాకు గొంతు పూడుకుపోయింది. ఒక క్షణం ఆగాను. సరిగ్గా ఆ ఆగిన చోట కోశారు. సీసా చేతిలో పెట్టుకుని, కళ్లలో నీళ్లతో, ఒక్క గుక్క పడితే లోకమంతా నాదే అనిపిస్తది అంటున్న ఆడమనిషి మిగిలింది. ‘అంట’ పోయింది. మా ఆయన పోయాడు. పిల్లాడి కాలూ పోయింది. పదకొండు నిమిషాల మాటల్లో పదిహేను సెకన్లు ఉంచి, వెనక డీజే పాట పెట్టి, కింద ‘క్వార్టర్ ఆంటీ’ అని రాశారు.

తెలుగు తెలిసిన వాళ్లకు ‘అంట’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అది ఉంటే ఆ మాట మా ఆయనది, తీసేస్తే నాది.

ఆ ఛానెల్ అబ్బాయిని పట్టుకుని అడిగాను. “నేను ఫుల్ వీడియోనే పెట్టానక్కా, ఎవడో కోసుకున్నాడు” అన్నాడు. నిజమే, పూర్తి వీడియో పెట్టాడు. కానీ దాని మీద బొమ్మ దగ్గర ‘మందు సీసాతో ఆంటీ రచ్చ రచ్చ’ అని రాసింది అతనే. అదెందుకు రాశావు అబ్బయా అంటే, “అట్ట పెట్టకపోతే ఎవురూ చూడరక్కా. బెల్టు షాపుపై మహిళల ఆందోళన అని పెడితే వందమంది కూడా నొక్కరు” అన్నాడు. ఆ అబ్బాయి చెడ్డవాడని నేను అనను. అతని ఇంటి అద్దె ఆ నొక్కుళ్ల మీదే వస్తోంది. కానీ నా పరువు తీసి అతను అద్దె కట్టుకుంటుంటే, అది తప్పని చెప్పే అధికారి ఈ రాష్ట్రంలో ఒక్కరు కూడా లేరా?

అర్జీ తీసుకున్న ఒక సారు “ఆంటీ అంటే బూతు కాదు కదమ్మా, గౌరవమే కదా” అన్నారు. మంత్రి గారూ, మా వైపు ఆడమనిషిని పిలవడానికి మాటలకు కరువు లేదు. అక్క, వదిన, అత్త, పిన్నమ్మ, పెద్దమ్మ, అవ్వ. ఎవరిని ఏమని పిలవాలో అయిదేళ్ల పిల్లకి కూడా తెలుసు. పిల్లలు కాన్వెంటు బడులకు పోవడం మొదలయ్యాక ఆంటీ అనే మాట వచ్చింది. గౌరవంగానే వచ్చింది, కాదనను. ఇప్పుడు ఒక్కసారి మీ ఫోన్‌లో తెలుగులో ఆంటీ అని కొట్టి, ఏం వస్తాయో మీరే చూడండి. పక్కన పిల్లలు లేనప్పుడు చూడండి. చూశాక ఆ సారు చెప్పిన గౌరవం ఎక్కడుందో నాకు చెప్పండి.

ఇది నా ఒక్కదాని బాధ అయితే ఇంట్లో కూర్చుని ఏడ్చి ఊరుకునేదాన్ని. పేపర్లో చూడండి, టీవీలో స్క్రోలింగ్ చూడండి. ఆడది దొంగతనం చేస్తే ‘కిలేడీ’, మోసం చేస్తే ‘మాయలేడి’. ఇల్లు విడిచిపోతే ‘వివాహిత అదృశ్యం’. పోయినేడు మా పక్క ఊళ్లో ఒకాయన భార్యాబిడ్డల్ని వదిలేసి కనపడకుండా పోయాడు. వివాహితుడు అదృశ్యం అని ఎవరూ రాయలేదు. ‘నిత్య పెళ్లికొడుకు’ అని మగవాళ్లనూ రాస్తారు, ఒప్పుకుంటాను. కానీ ఆ పేరు ఆ ఒక్కడితో ఆగిపోతుంది. ఆడదానికి పెట్టిన పేరు ఆడవాళ్లందరికీ పాకుతుంది. 2025 మార్చిలో ఎక్కడో మీరట్‌లో భర్త శవాన్ని నీలం డ్రమ్ములో దాచిన హత్య ఒకటి జరిగితే, ఇక్కడ మా వీధిలో నీళ్లకి నీలం డ్రమ్ము కొనుక్కున్న కొత్తకోడలిని నెల రోజులు ఏడిపించారు. ఆ పిల్ల చివరికి ఆ డ్రమ్ముని పుట్టింటికి పంపేసింది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా పెద్దమ్మాయి కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం. బస్సులో అబ్బాయిలు ఆ పాట ప్లే చేస్తారు. పేరు పెట్టి ఏమీ అనరు, పాట మాత్రమే పెడతారు. ఎవరి మీద కంప్లయింట్ ఇవ్వాలి? పాట మీదా? పదమూడు రోజులు కాలేజీకి పోలేదు. సంబంధం మాట్లాడిపోయిన వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. కువైట్‌లో పనిచేస్తున్న మా చిన్నాడపడుచు ఏడుస్తూ ఫోన్ చేసి, “వదినా, నువ్వెప్పటినుంచి అలవాటు చేసుకున్నావు?” అని అడిగింది. మా ఆయన చెల్లెలు ఆమె. వాళ్ల అన్న ఎట్లా పోయాడో కళ్లారా చూసిన మనిషి. ఆమే అట్లా అడిగితే ఊళ్లోవాళ్లని ఏమనుకోను?

బ్యాంకులో సంఘం అప్పు కాగితాల మీద సంతకం పెట్టడానికి పోతే ఒక కుర్రాడు సెల్ఫీ అడిగాడు. ఆ రోజు నుంచి రెండో లీడరే పోతోంది.

మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. 1992లో నాకు పదకొండేళ్లు. దూబగుంట మాకు దగ్గరే. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని విని, మా ఊళ్లో ఆడవాళ్లూ లేచారు. సారా ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టిన వాళ్లలో మా అమ్మ ఒకతె. ఆ పోరాటంలో ముందు నిలబడ్డ దూబగుంట రోశమ్మ పేరు మీరు మాకంటే ఎక్కువసార్లు మీటింగుల్లో వినుంటారు. జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో పూర్తి మద్య నిషేధం వచ్చింది. 1997లో అది పోయింది, ఆ కథ వేరు. కాంట్రాక్టరు మనుషులు అప్పుడు మా అమ్మని కూడా నోటికొచ్చినట్టు తిట్టారు. కానీ ఆ తిట్టు ఊరి పొలిమేర దాటలేదు. పేపర్లు మాత్రం నెల్లూరు ఆడవాళ్లు లేచారని రాశాయి. మా అమ్మ చూపించిన సారా ప్యాకెట్ చూసి ఆమెను తాగుబోతు అని రాసినవాళ్లు లేరు. అదే పని నేను ముప్పై ఏళ్ల తర్వాత చేస్తే నాకు దక్కిన పేరు ఇది. అమ్మ ఇప్పుడు మంచంలో ఉంది. ఆమెకు ఫోన్ చూడటం రాదు. అదొక్కటే నాకు ఊరట.

చట్టాల సంగతి మీకు చెప్పేంతదాన్ని కాను. మా గ్రామ సంఘం లెక్కలు రాసే వీఓఏ అమ్మాయి వెతికి నాకు చదివి వినిపించింది. ఆడవాళ్లను కించపరిచేలా చూపించకూడదని 1986లోనే చట్టం చేశారంట. మొదటిసారి తప్పు చేస్తే రెండేళ్ల దాకా జైలు, 2 వేల రూపాయల దాకా జరిమానా. ఆ రెండు వేలు అప్పట్లో ఎంతో గానీ, ఇప్పుడు ఒక వీడియో మీద వాళ్లకి అంతకంటే ఎక్కువే వస్తుంది. ఇంటర్నెట్‌ని కూడా అందులో కలపాలని 2012లో రాజ్యసభలో బిల్లు పెట్టి, తర్వాత వెనక్కి తీసుకున్నారంట. కొత్త న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది, ఆడదాని గౌరవాన్ని మాటతో అవమానించినా తప్పేనంట. ఆ కాగితం పట్టుకుపోతే “ఇందులో బూతు లేదు, మీ పేరు లేదు, ఆ మాట మీరన్నదే కదమ్మా” అన్నారు. ఒక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ముందు డబ్బులేమైనా పోయాయా అని అడిగారు. బట్టలు లేని ఫోటో అయితే గంటల్లో తీయించవచ్చు, ఇది ఆ కోవలోకి రాదు అన్నారు. పరువు తీయాలంటే బట్టలే లాగాలా మంత్రి గారూ?

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు జడ్జీల కోసం ఒక పుస్తకం వేసింది, ఆడవాళ్ల గురించి తీర్పుల్లో ఏ మాటలు రాయకూడదో అందులో ఉంది. అంత చదువుకున్న జడ్జీలకే మాట జాగ్రత్త అని చెప్పినప్పుడు, థంబ్‌నెయిల్ రాసే వాళ్లకి చెప్పేవాళ్లు ఎవరు?

నేను అడిగేది ఇది. ఆ వీడియోని తీయించండి. దాన్ని చూసి తయారుచేసినవి ఇంకా ఉన్నాయి, మా వీఓఏ లెక్కపెట్టినప్పుడు అరవై పైన వచ్చాయి. అవీ తీయించండి. ఆడవాళ్లు ఇలాంటి బాధ చెప్పుకోవడానికి జిల్లాలో ఒక మనిషిని పెట్టండి. ఫోన్ చూసి నవ్వని మనిషిని పెట్టండి. బూతు ఉంటేనే కేసు అనకుండా, మాట కోసి అర్థం మార్చినా తప్పేనని పోలీసులకు రాతపూర్వకంగా చెప్పండి. నిజం ఏమిటో ప్రభుత్వం తరఫున ఒక్క ముక్క ప్రకటన ఇచ్చినా చాలు. మా అమ్మాయి దాన్ని ఫోన్‌లో దాచుకుంటానంది, బస్సులో ఎవరైనా అడిగితే చూపించడానికి.

ఇంకొకటి అసలు మొదట చెప్పాల్సింది. బెల్టు షాపు ఇంకా నడుస్తూనే ఉంది. నేను అటు పోతుంటే అక్కడ ఆ పాట గట్టిగా పెడతారు. పోయిన నెల బడి గోడ లోపల మళ్లీ సీసాలు పడ్డాయి. ఏరుదాం రండి అని సంఘంలో అడిగాను. “ఏరదాం అక్కా, కానీ ఫోన్ పట్టుకున్నోళ్లు ఎవరైనా వస్తే నేను పోతా” అని ఒకతె అంది. మిగతావాళ్లు ఏమీ అనలేదు. చివరికి నేనూ, ఆయమ్మా ఏరాం. సీసాని చేత్తో పైకెత్తే ధైర్యం నాకూ రాలేదు, వంగి వంగి గోతంలో వేశాను.

నా పేరు కింద రాయడం లేదు. రాస్తే దానికి కూడా ఆ మాట తగిలిస్తారు. రసీదు నంబర్లు మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను, వాటితో నేనెవరో తెలుస్తుంది. పూర్తి వీడియో పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. పదకొండు నిమిషాలు ఉంటుంది. దయచేసి మధ్యలో ఆపకండి. ‘అంట’ ఏడో నిమిషంలో వస్తుంది.

ఇట్లు,
డ్వాక్రా సంఘం లీడరు,
కలిగిరి మండలం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా