ఈ ఏటి వార్షిక నివేదిక: పాత ఊరి యాత్ర, ఇతర పనులు

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది చేసిన వాటిలో ముందుగా చెప్పుకోవాల్సింది పాత ఊరి యాత్ర. మన పాత ఊరిని ముంచిన కండలేరు జలాశయంలో నీళ్లు తగ్గాయని చేపలు పట్టేవాళ్లు కబురు పెట్టగానే రాపూరు మీదుగా బయల్దేరాం. నెల్లూరు, గూడూరు, చెన్నైల నుంచి పిల్లాపాపలతో వచ్చారు. 68 టీఎంసీలు పట్టే జలాశయం అడుగున మన ఊరుందని వినడమే గానీ, పునరావాస కాలనీలో పుట్టిన పిల్లలు దాన్ని చూడటం ఇదే మొదలు.

మట్టిగోడలు ఏనాడో కరిగిపోయాయి. రాతి పునాదులు, అరుగురాళ్లు, రోళ్లు మిగిలాయి. వాటిని పట్టుకునే పెద్దలు వీధులు పోల్చారు. చేదబావి పూడిపోయింది గానీ, ఒరమీద తాడు ఒరుసుకున్న గాడులు వేలు పెడితే ఇప్పటికీ తగులుతున్నాయి. శివాలయం గర్భగుడి చెక్కుచెదరలేదు. ఊరు ఖాళీ చేసేటప్పుడే కళాపకర్షణ (విగ్రహంలోని దైవకళను తీసే క్రతువు) చేయించి స్వామిని కాలనీకి తెచ్చుకున్నాం కనుక లోపల ఖాళీ. చెట్టు లేకపోయినా దాని కిందుండే నాగులరాళ్లు అక్కడే ఉన్నాయి.

బొడ్రాయి సగం ఒండ్రులో కూరుకుపోయి కనిపించింది. ఆడవాళ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. దాన్ని పెకలించి కాలనీకి తీసుకుపోదామని కొందరు యువకులు పట్టుబట్టారు. వాళ్ల తపన అర్థం చేసుకోదగ్గదే. కానీ కాలనీకి బొడ్రాయి మనమే ప్రతిష్ఠించుకున్నాం. ఇది ఆ నేలది, నీళ్లున్నా లేకున్నా అక్కడే ఉండాలి. పాత ఊళ్లో ఏ రాయినీ కదపరాదని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. పునాదిరాళ్లు ట్రాక్టర్లకెత్తిన జాడలు కనబడ్డాయి కాబట్టి, దాన్ని ఆపించమని అధికారులకు అర్జీ కూడా ఇచ్చాం.

మన ఊరే ఎందుకు మునగాలని పిల్లలు అడిగారు. మద్రాసు దాహం తీర్చడానికి 1983లో తెలుగుగంగ ఒప్పందం జరిగింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్లు వదులుకున్నాయి. దారిలో ఇంకి, ఆవిరైపోయేవి పోను చెన్నైకి 12 టీఎంసీలు చేరాలి. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల దాటుకుని కండలేరుకు, ఇక్కడినుంచి కాలువలో పూండికి వెళ్తాయి. 1996లో మొదటిసారి అక్కడికి చేరాయి. చెన్నైలో స్థిరపడిన మన పిల్లలు తాగే నీళ్లలో మన కయ్యల మీదుగా వెళ్లినవీ ఉన్నాయి. ఇది వాళ్లకు తెలియాలి.

ఇంటింటి పేర్లతో ఊరి పటం గీయడం మొదలుపెట్టాం. నడివీధి పూర్తయింది, అరుంధతివాడ వైపు ఇంకా కాలేదు. ఆ వైపు గుర్తున్న పెద్దలు కొద్దిమందే మిగిలారు కనుక, ముందు అదే పూర్తి చేయాలని కార్యవర్గం నిర్ణయించింది.

సంక్రాంతి ముగ్గుల పోటీలు, కంటి వైద్య శిబిరం, పదో తరగతి పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. ఇళ్లస్థలాల పట్టాల సమస్య తేలలేదు, అర్జీలు నడుస్తున్నాయి. జమాఖర్చులు గుడి దగ్గర బోర్డు మీద పెట్టాం.

పాత ఊళ్లో తీసిన పెళ్లి ఫొటోలు, పన్ను రశీదులు ఎవరింట్లో ఉన్నా కార్యదర్శికి ఇస్తే నకలు తీసుకుని తిరిగి ఇస్తాం. వచ్చే యాత్ర నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది. అక్కడ నీడ లేదు, పిల్లలకు టోపీలు, మంచినీళ్లు తప్పకుండా తెచ్చుకోండి.